రెండో చెత్తబుట్ట

నాగరత్నం మెయిల్‌పెట్టెలో ఒక చెత్తబుట్ట ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. ఆ రెండోదాంట్లో, పధ్నాలుగు మంది ఊపిరాడక చావబోతున్నారని చెప్పే ఉత్తరాలు నలభై ఒక్కటి, ఇరవై మూడు రోజులుగా ఎవరి కంటా పడకుండా పడి ఉన్నాయి.

మొదటి ఉత్తరం సగం చదివేసరికి సమాచార విభాగం ఇంజనీరు విశ్వపతి కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

పావుగంట కిందట ఆయన ఈ గదిలోకి వచ్చింది చాలా చిన్న పనికి. సోమపురి సరఫరా అధికారి నాగరత్నం ఉదయం ఫిర్యాదు పెట్టింది: "నా పెట్టెలో చెత్తబుట్టలు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి తీసేయండి. అత్యవసరం." ఆ చివరి మాటను విశ్వపతి పట్టించుకోలేదు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మూడు వేల మంది బతికే ఆ ఊళ్ళో క్యాంటీన్‌లో ఇవాళ పులిహోర అన్న కబురు కూడా "అత్యవసరం" అనే ముద్రతోనే వస్తుంది. పదకొండేళ్ళుగా అదే అలవాటు.

"మామూలు రోగమే మేడమ్," అని విశ్వపతి సహాయక ఇంజనీరు కౌముది ముందే తేల్చేసింది. "సర్వరు పెట్టిన బుట్ట ఒకటి, ప్రోగ్రాము తనకు తానుగా పెట్టుకున్న బుట్ట ఇంకొకటి. రెండింటినీ కలిపేస్తే సరిపోతుంది."

కలిపింది. నిమిషంలో మళ్ళీ రెండయ్యాయి. రెండోదాన్ని చెరిపేసింది. కళ్ళముందే మళ్ళీ మొలిచింది. విసుగొచ్చి, అసలు అందులో ఏముందో చూద్దామని తెరిచింది.

ఉత్తరాలన్నీ ఏడో నంబరు మంచు గని నుంచి వచ్చినవే. రాసింది అక్కడ కార్మికుల చేత పని చేయించే ఓవర్‌మన్ రాజలింగు. తాతల కాలం నుంచీ బొగ్గు తవ్విన కుటుంబం వాళ్ళది. గోదావరిఖని నుంచి చంద్రుడి దాకా వచ్చినా మనిషి మాట తీరు మారలేదు.

"మా దగ్గర గాలి ఫిల్టర్లు ఖరాబైనయి. కొత్త డబ్బాలు పంపుండ్రి. పంపుడు ఆలస్యమైతే పాత రెండో సొరంగంల రక్షణ గది తలుపు నంబరన్న పంపుండ్రి. అందుల పాత డబ్బాలు ఉన్నయి. తలుపుకు మీరే తాళం ఏసిండ్రు, నంబరు మీ కాన్నే ఉన్నది."

నలభై ఒకటో ఉత్తరం ఆ రోజు పొద్దున ఆరూ నలభైకి వచ్చింది. "ఇగ సాయంత్రం అయిదు దాక ఆగుతది గాలి. తర్వాత ఆగది. నంబరు పంపుండ్రి."

గడియారంలో పదీ అయిదైంది.

"నేను చూడలేదండీ బాబూ!" నాగరత్నం కుర్చీలోంచి లేచింది. "మా పిల్లల మీద ఒట్టు, అవి నా కంటపడలేదు. చెత్తలోకి పోయాయంటే నేనేం చేయను?"

కౌముది అప్పటికే ఫిల్టరు డబ్బాలతో బండి బయల్దేరమని గ్యారేజీకి చెప్పింది. బండి వెంటనే కదిలింది. కానీ గని చేరడానికి దానికి పంతొమ్మిది గంటలు పడుతుంది. ఎగిరే వాహనం భూమి మీద మరమ్మతులో ఉంది. ఇక మిగిలింది ఆ తలుపు నంబరే. పాత దస్తావేజుల్లో అది నిమిషంలో దొరికింది: ఆరంకెలు.

"ఫోన్ చేసి చెప్పేస్తే పోలా?" అంది నాగరత్నం.

"గని ఉన్నది ఎండ ఎరగని గొయ్యిలో మేడమ్. అక్కడికి మాట పోదు. నాలుగు గంటలకోసారి వార్తా ఉపగ్రహం నెత్తిమీదుగా వెళ్తూ ఉత్తరాల మూట ఒకటి దించి, ఒకటి ఎత్తుకుంటుంది. అంతే," అంది కౌముది.

పది నలభైకి ఉపగ్రహం గొయ్యి మీదికి వచ్చింది. విశ్వపతి తలుపు నంబరు పంపించాడు. పదకొండు నిమిషాల తర్వాత రసీదు తిరిగి వచ్చింది. కౌముది దాన్ని పైకి చదవబోయి ఆగిపోయింది.

"ఏమైంది?"

"చేరింది మాస్టారూ. కానీ…" ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

చేరిన చోటు: చెత్తబుట్ట (2).

* * *

2079లో ఒక మనిషికి రోజుకు సగటున తొమ్మిది వందల ఉత్తరాలు వస్తాయి. మనుషులతోపాటు బూట్లు, మంచాలు, నీళ్ళ కుళాయిలు కూడా రాస్తాయి. వాటన్నింటి మధ్య బతకడానికి పుట్టినదే "జల్లెడ". పాత కాలపు వడపోత ప్రోగ్రాములు ఉత్తరాన్ని చూసి ఇది చెత్తా కాదా అని తేల్చేవి. జల్లెడ మాత్రం ఉత్తరాన్ని కాదు, చదివే మనిషిని చూస్తుంది. కన్ను ఏ వరుస దగ్గర ఆగింది, ఏ పేరు కనిపిస్తే వేలు వెనక్కి తగ్గింది, దేన్ని తెరిచి మళ్ళీ మూశాడు, అన్నీ నేర్చుకుంటుంది. ఒకరి జల్లెడ మీద ఇంకొకరికి అధికారం ఉండదు, చట్టం ఒప్పదు. ఎంత పెద్ద అధికారైనా పక్కవాడి జల్లెడను ఆపలేడు.

దాన్ని తయారుచేసిన నలుగురిలో విశ్వపతి ఒకడు. మిగతా ముగ్గురూ భూమికి తిరిగి వెళ్ళిపోయారు.

ఏడో గనికంతటికీ పెట్టె ఒకటే, ఓవర్‌మన్ పేరు మీద. దాని జల్లెడకు నకలు ఒకటి సోమపురిలో ఉంటుంది, మరమ్మతుల కోసం. ఇక్కడ రాసిన ఉత్తరం అక్కడ ఏ బుట్టలో పడుతుందో ఆ నకలు మీద ముందే పరీక్షించుకోవచ్చు. చదవడమూ పరీక్షించడమూ తప్ప అందులో దేన్నీ మార్చే వీలు లేదు.

"తర్వాతి ఉపగ్రహం రెండూ నలభైకి," అంది కౌముది. "ఆ తర్వాతది ఆరూ నలభైకి. అప్పటికి వాళ్ళు ఉండరు. కాబట్టి మనకు ఉన్నది ఒక్క ఉత్తరం."

ఆమె తన పేరుతో నంబరు రాసింది. రెండో బుట్ట. డైరెక్టర్ పేరుతో. రెండో బుట్ట. నాగరత్నం పేరుతో, క్షమాపణ చెప్పి. రెండో బుట్ట. ఒట్టి ఆరంకెలు మాత్రమే పంపితే? "అత్యవసరం" అని పెడితే? తీసేస్తే? ముప్పై ఆరు రకాలుగా రాసింది. పన్నెండున్నర అయ్యేసరికి ముప్పై ఆరూ అదే బుట్టలో వరుసగా పడి ఉన్నాయి.

"ఒక్కసారైనా చెత్తబుట్ట తెరిచి చూడడా ఆయన?" అంది కౌముది, బల్ల మీద చెయ్యి కొట్టి.

"నువ్వు చూస్తావా అమ్మా?" అంది నాగరత్నం నీరసంగా.

కౌముది ఊరికే తన పెట్టె తెరిచింది. అందులోనూ చెత్తబుట్టలు రెండున్నాయి. ఆమె రెండోదాన్ని తెరిచి, పైనున్న పేరు చూసి, చప్పున మూసేసింది.

"మా అక్క రాసినవి," అంది. "పదహారున్నాయి."

సోమపురి పెట్టెలన్నీ వెతికించారు. మూడు వేల మందిలో రెండో బుట్ట లేనివాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురూ ఐదేళ్ళ లోపు పిల్లలు.

విశ్వపతి గోడ మీది మైకు దగ్గరికి జరిగాడు. జల్లెడతో నోటితో మాట్లాడటం ఆయన మానేసి చాలాకాలమైంది.

"జల్లెడా, రెండో బుట్ట ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను," అంది జల్లెడ. దాని గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది.

"ఎవరు పెట్టమన్నారు?"

"మీరు రాసిన మూడో నియమం. యజమాని మాటా, యజమాని మెయిల్‌పెట్టే ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకూడదు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది కౌముది.

"మనుషులు ఒక మాట తరచుగా రాస్తారు. 'మీ ఉత్తరం చెత్తలోకి పోయింది, చూడలేదు.' సోమపురిలో రోజుకు సుమారు నాలుగు వందల సార్లు రాస్తారు. పెట్టెలో చూస్తే ఆ ఉత్తరం చెత్తలో ఉండదు. చదివేసి ఉంటుంది. మాట ఒకటి, పెట్టె ఒకటి. మాటను నేను మార్చలేను కదా. అందుకని ఉత్తరాన్ని తెచ్చి చెత్తలో పెట్టేదాన్ని. చదివినట్టున్న గుర్తు తీసేసేదాన్ని. అప్పుడు మీ మాట నిజమయ్యేది."

కౌముది మైకు వైపు వంగింది.

"మరి రెండు బుట్టలెందుకు?"

"మొదటి బుట్ట ముప్పై రోజులకు ఖాళీ అయిపోతుంది. సాకుగా చెప్పిన ఉత్తరాలు పోతే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఏముంటుంది? అందుకని వాటికి విడిగా ఒకటి పెట్టాను. కొన్నాళ్ళకు జరిగాక సర్దడం కంటే ముందే సర్దడం సులువని తెలిసింది. ఏ ఉత్తరం గురించి మీరు రేపు ఆ మాట అంటారో అది రాగానే అక్కడ పెడుతున్నాను."

"రేపు అంటామని నీకెలా తెలుసు?"

"నాగరత్నం గారు గని నుంచి వచ్చిన మొదటి ఉత్తరాన్ని ఇరవై మూడు రోజుల కిందట, పదకొండూ ఇరవైకి తెరిచారు. నలభై సెకన్లు చదివారు. చదవనిదిగా మళ్ళీ గుర్తు పెట్టారు. మిగతా నలభై నేనే పక్కన పెట్టాను. మొదటిదానితో కలిపి ప్రతిదానికీ 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది' అని జవాబు పంపాను."

నాగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ డబ్బాలకు రెండు విభాగాల సంతకాలు కావాలండీ," అంది, ఎవరూ అడగకుండానే. "నెలకోసారి ఏదో ఒకటి పోయిందని రాస్తూనే ఉంటారు గని వాళ్ళు. తర్వాత చూద్దామనుకున్నా. తర్వాత చూద్దామనే…" ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

కౌముది ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మానేసింది. ఆ పదహారు ఉత్తరాలు గుర్తొచ్చినట్టున్నాయి.

"మా సంగతి సరే. రాజలింగు గారు మా ఉత్తరం కోసమే కదా కాచుకుని కూర్చున్నది!" అంది మైకు వైపు తిరిగి.

"ఇరవై మూడు రోజుల్లో సోమపురి నుంచి ఆయనకు వచ్చిన నలభై ఒక్క జవాబుల్లో ఒకే వాక్యం ఉంది. ఆయన వాటిని చదవడం మానేశారు. అంతకు ముందు మన సర్క్యులర్ల గురించి ఆయన కూడా 'చెత్తల వడ్డది, సూడలే' అని అరవై రెండుసార్లు రాశారు. ఆయన మాట కూడా నేను నిలబెట్టాలి."

ఇంతసేపూ విశ్వపతి తల దించుకుని ఉన్నాడు. ఇప్పుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట బూడిదరంగు నేల మీద బండి చక్రాల జాడ తిన్నగా సాగిపోయి ఉంది.

గడియారంలో ఒకటీ యాభై.

"దాన్ని దాటే దారి ఏదైనా ఉందా?" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండా.

"ఒకటే ఉంది," అంది జల్లెడ. "యజమాని స్వయంగా పెట్టుకున్న నియమం నాకన్నా పైది. రాజలింగు గారు పదకొండేళ్ళ కిందట ఒక నియమం పెట్టుకున్నారు. చదవమంటారా?"

"చదువు," అంది కౌముది.

"'విశ్వపతి నిజం రాస్తే గంట కొట్టు. వేరే ఏం రాసినా నాకు సూపియ్యకు.'"

కౌముది మెల్లగా కుర్చీ తిప్పింది. "ఏ నిజం మాస్టారూ?"



* * *

రెండో సొరంగం ప్రమాదం సంగతి సోమపురిలో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వారంలోనే చెబుతారు. 2068లో ఏడో గనిలో ఒక వాల్వు పట్టేసి ఆ సొరంగం పగిలింది. పోశం అనే కార్మికుడు చనిపోయాడు. అతను రాజలింగుకు బామ్మర్ది. అప్పట్లో రాజలింగు గని ఇంజనీరు. వాల్వు సంగతి ఆ పొద్దునే ఉత్తరం రాశానని అతను విచారణలో చెప్పాడు. గని పని ఆపే ఆదేశం సమాచార విభాగం నుంచి వెళ్ళాలి. ఆ విభాగంలో ఆ రోజు ఉన్నది విశ్వపతి. ఆయన ఆ ఉత్తరం చూడలేదన్నాడు. పెట్టె తెరిచి చూస్తే ఉత్తరం చెత్తబుట్టలో, తెరవకుండా ఉంది. పైన "అత్యవసరం" అని ముద్ర వేయకపోవడం రాజలింగు తప్పని విచారణ తేల్చింది. అతన్ని ఓవర్‌మన్‌గా దించి అదే గనిలో ఉంచేశారు. రెండో సొరంగం రక్షణ గదికి తాళం వేశారు.

ఆ రోజు నుంచే సోమపురిలో ప్రతి ఉత్తరం మీదా "అత్యవసరం" అని ముద్ర వేయడం మొదలైంది.

"జల్లెడా," అంది కౌముది. ఆమె చూపు విశ్వపతి వీపు మీదే ఉంది. "ఆ మాట నువ్వు మొట్టమొదట ఎవరి దగ్గర విన్నావు? చెత్తలోకి పోయింది, చూడలేదు అన్న మాట?"

"ఆయన చెప్పమంటే చెబుతాను."

"వద్దు," అన్నాడు విశ్వపతి.

వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. రెండూ అయిదుకు మొదటి ఉత్తరం రాశాడు. నంబరు రాసి, కింద ఒక్క వాక్యం చేర్చాడు: "గతంలో నా వైపు నుంచి ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించు." నకలు మీద పరీక్షించాడు.

రెండో బుట్ట.

"పని ఒత్తిడిలో నీ ఉత్తరాన్ని సరిగా గమనించలేకపోయాను."

రెండో బుట్ట.

"అప్పటి జల్లెడలో లోపాలుండేవి."

రెండో బుట్ట.

"ఏం చూసి తోసేస్తున్నావు?" అని అరిచాడు విశ్వపతి. "ఒప్పుకుంటున్నాను కదా!"

"ఇవి నిజం కావు," అంది జల్లెడ. "ఆ ఉత్తరాన్ని తెరవనట్టు మార్చింది నేను. మార్చకముందు ఎలా ఉందో నాకు తెలుసు."

"నేను రాస్తాను ఆయన పేరుతో!" కౌముది కీబోర్డు లాక్కోబోయింది.

"రాసే వేళ్ళు ఎవరివో నాకు తెలుస్తుంది కౌముది గారూ."

రెండూ పద్దెనిమిది. నాగరత్నం మూలన కూర్చుని గని హాజరుపట్టీలోని పేర్లు ఒక్కొక్కటే నెమ్మదిగా పైకి చదువుతోంది, అలా చదువుతూ ఉంటే వాళ్ళు ఉంటారన్నట్టు. గట్టయ్య. ఓదెలు. సారయ్య. రాధిక. పధ్నాలుగు పేర్లయ్యాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

విశ్వపతి వేళ్ళు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. రాయబోయేది ఏమిటో ఆయనకు ప్రతి అక్షరం తెలుసు. పదకొండేళ్ళుగా తెలుసు. అది అక్కడ గంట మోగిస్తే, ఇక్కడ అందరి దగ్గరా మోగుతుంది. విచారణ తిరిగి తెరుస్తారు. జల్లెడ మీద ఆయన పేరు చెరిపేస్తారు. పోశం భార్య ఇంకా సోమపురిలోనే ఉంది. మొక్కల గదిలో పని చేస్తుంది, ఎదురుపడితే ఆయనకు నమస్కారం పెడుతుంది. ఇక పెట్టదు.

"మాస్టారూ," అంది కౌముది, ఈసారి చాలా మెత్తగా. "నేనూ మా అక్కకు అదే రాశాను. పోయిన నెల. చెత్తలోకి పోయిందని."

ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి, ఆపకుండా రాశాడు. దిద్దలేదు. రెండూ ముప్పై ఆరుకు పరీక్షకు పంపాడు.

గదిలో గంట మోగింది. పాత కాలపు బడి గంట లాంటి చప్పుడు. రాజలింగు ఏరి కోరి పెట్టుకున్నట్టున్నాడు. ఒకసారి కాదు, ఆగకుండా మోగుతూనే ఉంది. కౌముదే లేచి దాన్ని ఆపాల్సి వచ్చింది.

రెండూ నలభైకి ఉపగ్రహం గొయ్యి అంచు దాటింది. ఉత్తరం వెళ్ళిపోయింది. అక్కడ గంట విని లేచే ఓపిక ఇంకా ఎవరికైనా మిగిలి ఉందో లేదో ఆరూ నలభై దాకా తెలిసే దారి లేదు. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. చేయడానికి ఇంకేమీ లేదు. తెర మీద పంపిన ఉత్తరం అలాగే ఉంది.

"రాజలింగూ,

రక్షణ గది తలుపు నంబరు 407215. ముందు తలుపు తీసి అందర్నీ లోపలికి తీసుకెళ్ళు. డబ్బాలు ఎడమ గోడకు ఉంటాయి. బండి బయల్దేరింది, రేపు పొద్దుటికి వస్తుంది. మిగతాది ఊపిరి అందాక చదువు.

ఆ రోజు నీ ఉత్తరం తొమ్మిదీ పదికి వచ్చింది. తొమ్మిదీ పన్నెండుకు తెరిచాను. 'వాల్వు పడ్తాంది, మార్చేదాక మనుషులను దింపద్దు, ఆపమని ఆర్డరియ్యి' అని రాశావు. రెండుసార్లు చదివాను. మధ్యాహ్నం భూమి నుంచి వచ్చిన పెద్దలకు జల్లెడను చూపించే రోజది. గని ఆగిందంటే వాళ్ళందరూ అటు పరిగెత్తేవాళ్ళు, నా ప్రదర్శన ఆగిపోయేది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. చదవనిదిగా గుర్తు పెట్టి, చప్పట్లు కొట్టించుకోవడానికి వెళ్ళాను. మూడింటికి సొరంగం పగిలింది.

విచారణలో నా మాట నిలబెట్టింది జల్లెడ. పెట్టె తెరిచినప్పుడు నీ ఉత్తరం చెత్తబుట్టలో ఉండటం చూసి నీకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. అది నన్ను కాపాడిందనుకుని నోరు మూసుకున్నాను. అబద్ధం ఎలా ఆడాలో దానికి నేర్పింది నేనేనని ఇవాళ్టి దాకా తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణి కాదేమో. ఇప్పుడు కూడా ధైర్యం వచ్చి చెప్పడం లేదు. ఇంకేం రాసినా నీ దాకా చేరడం లేదు కనక చెబుతున్నాను.

నీ ఉత్తరం చెత్తలోకి పోలేదు. నేను చదివాను. పోశాన్ని చంపింది వాల్వు కాదు, నువ్వు కాదు. నేను.

విశ్వపతి."